ఘ్రాణం: మనం గమనించని మహానుగ్రహం

ఫిబ్రవరి మాసం ప్రవేశించిందంటే గుంటూరు నగరపు గాలి మారిపోతుంది. పల్నాటి పల్లెల నుండి, ప్రకాశం జిల్లా నల్లరేగడి భూముల నుండి మిర్చి టిక్కీలు నింపుకున్న లారీలు బారులు తీరి మార్కెట్ యార్డుకు చేరుకుంటాయి. ఆసియాలోనే అతిపెద్ద మిర్చి విపణిగా పేరొందిన ఆ యార్డు ప్రాంగణం ఇంకా కంటికి కనబడకముందే మన ముక్కు దాని ఉనికిని పసిగడుతుంది. కొత్తగా వచ్చినవారు తుమ్ముతారు, దగ్గుతారు, కొంగుతోనో రుమాలుతోనో కళ్లు తుడుచుకుంటారు. ఏళ్ల తరబడి అక్కడ బస్తాలు మోస్తున్న ముఠా కూలీ మాత్రం వారిని చూసి చిరునవ్వు నవ్వుతాడు. అతనికి ఆ గాలి మామూలు గాలే.

పీల్చే గాలి ఒక్కటే, పీల్చే ముక్కు నిర్మాణమూ ఒక్కటే. మరి ఈ తేడా ఎక్కడి నుండి వచ్చింది? అసలు వాసన అనేది ఒక వస్తువు నుండి బయలుదేరి మన మెదడులో ఎలా స్థిరపడుతుంది? చూపు గురించి, వినికిడి గురించి మనం తరచుగా మాట్లాడుకుంటాం. వాటిని ప్రసాదించిన ప్రభువుకు కృతజ్ఞతలు చెప్పుకుంటాం. ఘ్రాణశక్తి గురించి మాత్రం జలుబు చేసినప్పుడు తప్ప ఆలోచించం. అందుకే ఈ మాసం పాఠకుల ముందు ఈ విషయాన్ని ఉంచదలచాం.

వాసన వేరు, ఘాటు వేరు

ముందుగా ఒక పొరపాటును సరిదిద్దుకుందాం. యార్డులో మనల్ని దగ్గించేది మిరప వాసన కాదు, మిరప ఘాటు. రెండూ ముక్కులోనే తెలుస్తాయి కనుక రెండింటినీ ఒకే గాటన కట్టేస్తాం. కానీ వాటి దారులు వేరు.

మిరపకాయను చీల్చి చూస్తే గింజలు అంటిపెట్టుకుని ఉండే తెల్లని భాగం కనిపిస్తుంది. కారానికి మూలమైన క్యాప్సైసిన్ ప్రధానంగా అక్కడే తయారవుతుంది. విచిత్రమేమిటంటే క్యాప్సైసిన్‌కు చెప్పుకోదగిన వాసన లేదు. అది సులభంగా ఆవిరి కాదు కూడా. ఎండుమిర్చి కదిలినప్పుడు లేచే సన్నని ధూళితో కలిసి అది ముక్కులోకి, గొంతులోకి చేరుతుంది. అక్కడి నొప్పి నాడుల చివర ఒక ప్రత్యేక గ్రాహకం ఉంటుంది. 1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం దీనిని కనుగొన్నది. ఇది సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి స్పందించే గ్రాహకమే. క్యాప్సైసిన్ దానినే తెరుస్తుంది. నాలుక నిజంగా కాలకపోయినా కాలినట్టు అనిపించడానికి కారణం ఇదే. ఈ కృషికి జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది. పక్షులలో ఈ గ్రాహకం నిర్మాణం కొంత భిన్నం కనుక క్యాప్సైసిన్ వాటిని బాధించదు. రామచిలుక పండుమిరపను హాయిగా కొరుక్కుతినడం వెనుక రహస్యం అదే.

ఇక అసలైన మిరప వాసన సంగతి. పచ్చిమిరపను గాని, కాప్సికమ్‌ను గాని తుంచగానే ఒక పచ్చి పరిమళం గుప్పుమంటుంది. దానికి మూలం పైరజీన్ జాతికి చెందిన ఒక అణువు. లక్ష కోట్ల పాళ్ల నీటిలో అది కేవలం రెండు పాళ్లు ఉన్నా మనిషి ముక్కు పట్టేయగలదు. అత్యంత సున్నితమైన యంత్రాలు శ్రమపడి చేసే పనిని, వంటింట్లో పచ్చడికి మిరపకాయలు తుంచుతున్న మన తల్లి, మన చెల్లెలు తెలియకుండానే చేసేస్తున్నారు.

ముక్కు పైకప్పున ఒక చిన్న పొర

ఒక పదార్థానికి వాసన ఉండాలంటే అది తేలికగా గాలిలోకి ఎగరాలి. ఇనుప మేకుకు, గాజు పలకకు వాసన లేకపోవడానికి కారణం వాటి అణువులు ఎగరకపోవడమే. అత్తరు తయారుచేసేవారికి ఈ సూక్ష్మం శతాబ్దాలుగా తెలుసు. తొమ్మిదో శతాబ్దపు బాగ్దాదు పండితుడు అల్‌కిందీ సుగంధ ద్రవ్యాల తయారీ, బట్టీ పట్టే విధానాలపై ప్రత్యేకంగా ఒక గ్రంథమే రచించాడు. మన దేశంలో కన్నౌజ్ పట్టణపు అత్తరు కళాకారులు పూల నుండి లేచే ఆవిరిని చందన తైలంలోకి పట్టి నిలుపుతారు. బరువైన ఆ నూనె తేలికైన పరిమళాన్ని తనలో దాచుకుని మెల్లమెల్లగా విడుదల చేస్తుంది. ఎండిన మట్టిపై తొలకరి పడినప్పటి వాసనను సైతం వారు ‘మిట్టీ అత్తరు’గా సీసాలో బంధించారు. ఆ మట్టి వాసనలో ముఖ్యమైన జియోస్మిన్ అనే పదార్థాన్ని నేలలోని సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. జూన్ నెలలో నల్లరేగడి చేలపై మొదటి జల్లు పడగానే రైతు ఛాతీ నిండా పీల్చుకునేది దానినే.

గాలిలో తేలి వచ్చిన ఈ అణువులు ముక్కు రంధ్రాల పైభాగాన, కళ్ల మధ్య ఎత్తున ఉన్న ఒక చిన్న పొరను చేరతాయి. దాని విస్తీర్ణం కొద్ది చదరపు సెంటీమీటర్లు మాత్రమే. ఆ పొరపై ఎల్లప్పుడూ పలుచని శ్లేష్మం పరచుకుని ఉంటుంది. వాసన అణువు మొదట ఆ తడిలో కరగాలి. కరిగిన తరువాత ఆ తడిలోకి చాచుకుని ఉన్న అతి సూక్ష్మమైన కేశాలను తాకుతుంది. ఆ కేశాలు నాడీకణాల కొసలు. వాటి పైనే ఉంటాయి వాసన గ్రాహకాలు.

గ్రాహకం ఒక ప్రోటీను. అది కణపు పొరలోనికీ బయటికీ ఏడుసార్లు దూరి వచ్చిన దారంలా అల్లుకుని ఉంటుంది. ఆ అల్లిక నడుమ ఒక చిన్న గుంట ఉంటుంది. తగిన ఆకారమూ తగిన విద్యుదావేశమూ గల అణువు ఆ గుంటలో ఒదిగినప్పుడు ప్రోటీను రవ్వంత మెలి తిరుగుతుంది. ఆ మెలిక కణం లోపలి వైపున ఆనుకుని ఉన్న జి-ప్రోటీను అనే మరొక ప్రోటీనును మేల్కొలుపుతుంది. అది ఒక ఎంజైమును ప్రేరేపిస్తుంది. ఆ ఎంజైము సైక్లిక్ ఏఎంపీ అనే వార్తాహర అణువులను తయారుచేస్తుంది. ఆ వార్తాహరులు వెళ్లి కణపు పొరలోని ద్వారాలను తెరుస్తారు. సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి ప్రవేశిస్తాయి. కణంలో విద్యుత్ మార్పు కలుగుతుంది. ఆ సంకేతం పుర్రె ఎముకలోని జల్లెడ వంటి సన్నని రంధ్రాల గుండా పైనున్న మెదడుకు చేరుతుంది. ఇదంతా సెకనులో చిన్న భాగంలో ముగిసిపోతుంది.

ఈ గ్రాహకాల జన్యువులను అమెరికా శాస్త్రవేత్తలు లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో ప్రకటించారు. 2004లో వారిద్దరికీ వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. అయినా మానవ గ్రాహకం ఒక వాసన అణువును పట్టుకుని ఉన్న దృశ్యాన్ని అణువు అణువునా చూడడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. 2023లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆశిష్ మాంగ్లిక్, డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన హిరోయాకి మత్సునామి బృందాలు కలిసి ఆ చిత్రాన్ని వెలువరించాయి. జున్నులో ఘాటైన పులుపు వాసనకు కారణమైన ప్రోపియోనేట్ అనే చిన్న అణువు గ్రాహకపు గుంటలో అన్ని వైపులా కప్పబడి, ఒడిలో పాపలా ఒదిగి ఉండడం అందులో కనిపించింది.

అక్షరాలు కొన్ని, పదాలు అనేకం

మనిషిలో పనిచేసే వాసన గ్రాహకాలు దాదాపు 400 రకాలు. ఎలుకలో అవి వెయ్యికి పైగా ఉన్నాయి. ప్రతి నాడీకణమూ ఈ 400లో సాధారణంగా ఒకే ఒక రకాన్ని ధరిస్తుంది. మరి 400 రకాలతో అంతకు ఎన్నో రెట్ల వాసనలను మనం ఎలా గుర్తిస్తున్నాం?

సమాధానం మన అక్షరమాలలో దొరుకుతుంది. తెలుగు అక్షరాలు యాభై పైచిలుకు మాత్రమే. కానీ వాటి కూర్పుతో ఏర్పడే పదాలకు లెక్క లేదు. వాసనల విషయమూ అంతే. ఒక అణువు ఒక్క గ్రాహకంతో ఆగదు, కొన్నింటిని బలంగా, కొన్నింటిని స్వల్పంగా కదిలిస్తుంది. ఒక గ్రాహకం కూడా ఒకే అణువుకు కట్టుబడి ఉండదు. ఏ ఏ గ్రాహకాలు ఏ మోతాదులో కదిలాయన్న మొత్తం కూర్పును మెదడు ఒక పదంగా చదువుతుంది. ఆ పదమే ‘గులాబీ’, ఆ పదమే ‘మాగిన జామ’, ఆ పదమే ‘మాడిన పోపు’.

ఈ లిపి ఎంత సున్నితమైనదో ఒక ఉదాహరణ చూద్దాం. కార్వోన్ అనే అణువు రెండు రూపాల్లో ఉంటుంది. మన కుడిచేయి, ఎడమచేయి ఎలా ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలో ఆ రెండూ అంతే. వాటిలోని పరమాణువులు అవే, సంఖ్యా అంతే. కానీ ఒక రూపం పుదీనా జాతి ఆకు వాసన ఇస్తుంది, మరొక రూపం షాజీరాను పోలిన కారవే గింజల వాసన ఇస్తుంది. కుడిచేతి తొడుగు ఎడమచేతికి పట్టనట్లే గ్రాహకపు గుంట ఈ రెండింటి మధ్య తేడాను గుర్తుపడుతుంది.

పత్తి చేనులో ఒక బుట్ట

వాసన అణువు, గ్రాహకం మధ్య గల ఈ బంధం మన ప్రాంతపు రైతు జీవితంతోనూ ముడిపడి ఉన్నది. దూది ఏకి పరుపులు కుట్టి బ్రతికిన నూర్‌బాషా కుటుంబాలతో సహా పత్తినే నమ్ముకున్న ఇళ్లు ఇక్కడ ఎన్నో. 1987-88లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని ముంచెత్తింది. మందు మీద మందు పిచికారీ చేసి, అప్పుల్లో కూరుకుపోయి, అదే పురుగుమందు తాగి ప్రాణాలు తీసుకున్న రైతుల విషాదం ఈ నేల మరువలేదు. ప్రాణం అల్లాహ్ అమానతు. అటువంటి నిస్పృహలో ఉన్న పొరుగువాని ఇంటి తలుపు తట్టవలసిన బాధ్యత ఆనాటికీ ఈనాటికీ మనందరిదీ.

నేడు పత్తిని పీడిస్తున్న ప్రధాన శత్రువులలో గులాబీ రంగు పురుగు ఒకటి. అది బీటీ పత్తిని సైతం తట్టుకునే శక్తిని సంపాదించింది. కాయ లోపల దాగి ఉంటుంది కనుక పైన కొట్టిన మందు దానిని చేరడం కష్టం. ఇక్కడే ఘ్రాణశాస్త్రం రైతుకు తోడు నిలుస్తున్నది. ఆడ రెక్కల పురుగు మగ పురుగును పిలవడానికి ఒక పరిమళాన్ని గాలిలోకి వదులుతుంది. దాని రహస్యాన్ని 1973లో శాస్త్రవేత్తలు ఛేదించారు. అది ఒకే అణువు కాదు. ఆకృతిలో స్వల్ప భేదం గల రెండు అణువులు దాదాపు సమపాళ్లలో కలిసిన మిశ్రమం. ఆ పాళ్లు బాగా తప్పితే మగ పురుగు ఆకర్షణ తగ్గిపోతుంది. ఆ మిశ్రమాన్ని కృత్రిమంగా తయారుచేసి ఎరగా పెట్టినవే చేలలో మనం చూసే లింగాకర్షక బుట్టలు.

పురుగుల గ్రాహకాలు మన గ్రాహకాల వంటివి కావు. వాటి మీసాలపై ఉండే గ్రాహకమే స్వయంగా ద్వారం. అణువు తాకగానే అది నేరుగా తెరుచుకుంటుంది. ఒక బుట్టలో వరుసగా మూడు రాత్రులు, రాత్రికి ఎనిమిది చొప్పున రెక్కల పురుగులు పడితే నివారణ చర్యలు అవసరమని వ్యవసాయ శాస్త్రవేత్తలు సూచిస్తారు. అంటే బుట్ట చెప్పే దాకా డబ్బా మూత తీయనక్కరలేదు. తేనెటీగకు హాని లేదు, చేనులో కలుపు తీసే స్త్రీకి హాని లేదు, ఒక్క శత్రువుకే ఆ పిలుపు వినబడుతుంది.

అలవాటు పడిన ముక్కు

ఇప్పుడు ముఠా కూలీ చిరునవ్వు దగ్గరకు తిరిగి వద్దాం. ఒకే వాసన నిరంతరం తాకుతూ ఉంటే నాడీకణం లోపలికి వచ్చిన కాల్షియమే తన ద్వారాలను మందగింపజేస్తుంది. కొద్ది నిమిషాల్లో ఆ వాసన మనకు తెలియకుండా పోతుంది. పదేపదే తాకే క్యాప్సైసిన్ విషయంలో నొప్పి గ్రాహకమూ అలాగే మొద్దుబారుతుంది. ఇది లోపం కాదు, ఒక ఏర్పాటు. పాత వాసన పక్కకు తప్పుకుంటేనే కొత్త వాసన, కొత్త ప్రమాదం వెంటనే తెలుస్తుంది.

అయితే తెలియకపోవడం వేరు, లేకపోవడం వేరు. కూలీకి ఘాటు తెలియకపోయినా మిరప ధూళి అతని ఊపిరితిత్తులలోకి వెళ్తూనే ఉంటుంది. తొడిమలు తీసే స్త్రీలు, తాలుకాయలు ఏరే స్త్రీలు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. క్యాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. కనుక పని ముగిశాక ముందు చేతులకు నూనె రాసి, తరువాత సబ్బుతో కడుక్కుని గాని పసిబిడ్డను ఎత్తుకోరాదు.

తన ఒంటి వాసన తనకు తెలియదు అన్న సత్యాన్ని మన ధర్మం ఎంతో సున్నితంగా గుర్తించింది. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిని ఆ వాసనతో మస్జిద్‌కు రావద్దని దైవప్రవక్త ముహమ్మద్ (స) వారించారు. జుమా రోజున స్నానం చేసి, ఉన్నంతలో సుగంధం పూసుకుని రమ్మని ప్రోత్సహించారు. తిన్నవానికి తెలియని వాసన పక్కన నిలిచి నమాజు చేసేవాణ్ని బాధిస్తుంది. మంచి స్నేహితుణ్ని కస్తూరి అమ్మేవానితోనూ, చెడు స్నేహితుణ్ని కొలిమి తిత్తి ఊదేవానితోనూ ఆయన (స) పోల్చిన హదీసు మనందరికీ తెలిసినదే. కొలిమి దగ్గర చాలాసేపు కూర్చున్నవానికి పొగ వాసన తెలియడం మానేస్తుంది, కానీ అతని బట్టలకు అది అంటుకునే ఉంటుంది. చెడు సావాసంలోని అసలు ప్రమాదం అదే కదా!

ఈ అనుగ్రహం దూరమైనప్పుడు

కొవిడ్ రోజుల్లో ఎన్నో ఇళ్లలో కాఫీ వాసన, బిర్యానీ వాసన, చివరకు బిడ్డ తల వాసన కూడా తెలియకుండా పోయింది. ఆ వైరస్ ప్రధానంగా దెబ్బతీసింది వాసన నాడీకణాలను కాదు, వాటిని పోషించే పక్క కణాలను. కానీ పోషణ కరువైతే నాడీకణమూ పనిచేయదు. చాలామంది వారాలలో కోలుకున్నారు. వాసన నాడీకణాలు అడుగునున్న మూలకణాల నుండి మళ్లీ మళ్లీ పుట్టగలగడం సృష్టికర్త మనకు చేసిన గొప్ప మేలు.

ఇంకా కోలుకోనివారికి ఒక సులువైన అభ్యాసం ఉన్నది. జర్మనీలోని డ్రెస్డెన్ నగరానికి చెందిన థామస్ హమ్మెల్ బృందం 2009లో దీనిని ప్రచురించింది. గులాబీ, నీలగిరి తైలం, నిమ్మ, లవంగం అనే నాలుగు వాసనలను ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, మనసు పెట్టి కొన్ని సెకన్ల పాటు పీల్చాలి. ఇలా పన్నెండు వారాలు చేయాలి. అందరికీ పూర్తి ఫలితం రాదు గాని, చాలామందికి మేలు చేసింది. ఇవన్నీ మన ఇళ్లలో దొరికేవే. వృద్ధులలో కారణం లేకుండా ఘ్రాణశక్తి తగ్గుతూ ఉంటే మాత్రం నిర్లక్ష్యం చేయక వైద్యునికి చూపించాలి. పార్కిన్సన్స్ వంటి వ్యాధులకు అది తొలి సూచన కావచ్చు.

వాసన తెలియనివారున్న ఇంట్లో మరొక జాగ్రత్త అవసరం. వంటగ్యాసుకు సహజంగా దాదాపు వాసన లేదు. లీకయితే తెలియడం కోసం దానిలో ఇథైల్ మెర్కాప్టాన్ అనే దుర్గంధ పదార్థాన్ని కలుపుతారు. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సస్‌లో న్యూ లండన్ పాఠశాలలో వాసన లేని గ్యాసు లీకై పేలి సుమారు 300 మంది, అత్యధికంగా పిల్లలు, మరణించారు. ఆ దుర్ఘటన తరువాతనే గ్యాసుకు వాసన కలపడం చట్టమయింది. గ్యాసు వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా రెగ్యులేటరు కట్టివేసి, తలుపులు తెరిచి బయటకు వచ్చి 1906కు ఫోను చేయాలి. ముక్కు సరిగా పనిచేయని వృద్ధులు ఒంటరిగా వంట చేసుకుంటుంటే ఆ బాధ్యతను ఇంట్లోని పిల్లలు పంచుకోవాలి. అలాగే వాసన రావడం లేదు కనుక విషం లేదనుకుని ఖాళీ పురుగుమందు డబ్బాలను ఇంటి అవసరాలకు ఎన్నడూ వాడరాదు.

పరిమళం, జ్ఞాపకం

చూపు, వినికిడి మెదడులో థాలమస్ అనే కూడలి గుండా ప్రయాణిస్తాయి. వాసన సంకేతం ఆ కూడలితో పనిలేకుండానే జ్ఞాపకాలకు, భావోద్వేగాలకు నిలయమైన భాగాలను చేరుకోగలదు. తల్లి పాత చీర మడత విప్పగానే కన్నీళ్లు రావడం అందుకే. పుట్టిన కొద్ది రోజులకే పసికందు తల్లిని వాసనతో గుర్తుపడుతుంది.

దివ్య ఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరాలో బిడ్డ ఎడబాటుతో చూపు కోల్పోయిన యాఖూబ్ (అ), కుమారుని చొక్కాతో బిడారు బయలుదేరగానే, అది ఇంకా ఎంతో దూరాన ఉండగానే, యూసుఫ్ (అ) పరిమళాన్ని పసిగట్టారు. దానిని అణువులతో, గ్రాహకాలతో వివరించబోవడం మా ఉద్దేశం కాదు. అది ప్రవక్తకు అల్లాహ్ ప్రత్యేకంగా ప్రసాదించిన మహిమ. అయితే ఏ ఆశాకిరణమూ లేని వేళ ఒక తండ్రి హృదయానికి శుభవార్తగా ప్రభువు ముందుగా పంపింది దృశ్యాన్ని కాదు, శబ్దాన్ని కాదు, పరిమళాన్ని అన్న సంగతి మాత్రం మనం ఆలోచించదగినది.

రేపు ఉదయం వంటింట్లో పోపు వేగుతున్నప్పుడు, లేదా ఫజర్ నమాజుకు వెళ్లే దారిలో మల్లెతీగ పక్కగా నడుస్తున్నప్పుడు, ఒక్క క్షణం ఆగి నిండుగా గాలి పీల్చుకుందాం. ముక్కు పైకప్పున, మనం ఎన్నడూ చూడని ఆ చిన్న తడి పొరపై లెక్కలేనన్ని ద్వారాలు మన ప్రమేయం లేకుండానే తెరుచుకుంటున్నాయి. మనం చేయవలసింది ఒక్కటే. అల్‌హమ్దులిల్లాహ్ అనడం, ఆ పక్కనే వాసన తెలియక ఒంటరిగా వంట చేసుకుంటున్న పెద్దవారెవరైనా ఉన్నారేమో తొంగి చూడడం.